చదువుకున్న కొయోటీ

కొయోటీకి ఉండేవి రెండే చెవులు. వాటి మీద మా ఇంట్లో జరిగినన్ని గొడవలు మాత్రం ఇంకే విషయం మీదా జరగలేదు.

తోడేలుకి తమ్ముడు, నక్కకి అన్న అనుకోండి, అదీ కొయోటీ అంటే. అమెరికాలో మా వయోమింగ్ గొర్రెలవాళ్ళకి పుట్టు శత్రువు. దాన్ని కొట్టినవాడికి మా కౌంటీ, అంటే మా జిల్లా, బహుమానం ఇస్తుంది. ఊరికే ఇవ్వదు. రెండు చెవులూ, కింది దవడా తెచ్చి అప్పగించాలి, ఎక్కడ కొట్టావో చెప్పాలి. ఒకప్పుడు తోక చూపిస్తే చాలనేవారు. అప్పుడు మా ఘనులు ఒకే తోకని ఇక్కడొకసారి, పక్క కౌంటీలో ఒకసారి చూపించి రెండు చోట్లా పుచ్చుకునేవారు. ఆ ఆటలు కట్టించి, చెవుల నియమం పెట్టించి, పోట్లాడి బహుమానం పెంచించింది ఎవరో కాదు, మా ఆవిడ ట్వైలా. గొర్రెల పెంపకందార్ల సంఘానికి ప్రెసిడెంటు, చెవులు అప్పగించేది ఆ సంఘం ఆఫీసులోనే. మీటింగులో కొయోటీ గురించి ఆవిడ మాట్లాడుతుంటే ముందు వరసలో కూర్చున్న మగాళ్ళు టోపీలు తీసి ఒళ్ళో పెట్టుకుంటారు.

నా పేరు ఎల్డన్. నా బాధ వేరు. చలికాలం కొయోటీ తోలంటే నాకు ప్రాణం. వీపు మీద వెండి రంగు, మెడ దగ్గర వేళ్ళు మునిగిపోయేంత బొచ్చు. ఒలిచి, కొవ్వు గీకి, చట్రం మీద సాగదీసి ఆరబెట్టడంలో నన్ను మించినవాడు లేడని తోళ్ళు కొనే గస్సే ఒప్పుకుంటాడు. కానీ గస్‌కి తోలు చెవులతో సహా కావాలి. చెవుల్లేని తోలు పిడి విరిగిన కప్పులాంటిది, ఉన్న కప్పులన్నీ అయిపోయాకే దాని మీద చెయ్యి వేస్తారు.

"చెవులు నీ ఆఫీసుకి ఇస్తే గస్ మొహం చిట్లిస్తున్నాడు ట్వైలా. తోకతో సరిపెట్టుకోవచ్చుగా?" అన్నానొక పొద్దున.

"కొయోటీ గొర్రెపిల్లని తినేటప్పుడు చెవులు గస్ కోసమని పక్కన పెడుతుందా?" అంది ఆవిడ, గుడ్లు వేయిస్తూ.

"అది కాదు..."

"బహుమానం కావాలంటే చెవులియ్యి. తోలు కావాలంటే బహుమానం మానుకో. అత్త కావాలి, అత్తవారిల్లు వద్దంటే ఎలా? తిను, చల్లారిపోతోంది."

అదీ మా కాపురం. కొయోటీ మీద జాలిపడే మాట మా ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. వింటాననీ అనుకోలేదు.

జనవరిలో మా ఊళ్ళో కొయోటీ పందెం జరుగుతుంది. ఆ రోజు తెల్లవారాక కొట్టిందే లెక్క. గస్ తూకం వేస్తాడు, దాని ఒంటి వేడి కూడా చూస్తాడు. ఒకసారి ఒకాయన ముందు వారం కొట్టినదాన్ని ఫ్రీజర్లో దాచి తెచ్చాడు. గస్ దాన్ని ట్రక్కు అంచుకి తాటిస్తే టంగుమంది. అందరికంటే బరువైనదాన్ని తెచ్చినవాడికి అరచెయ్యంత వెండి బెల్టు బకిల్ ఇస్తారు. రెండోవాడికి ఫ్లాస్కు. మా వంటింటి అలమర తెరిస్తే అన్నీ ఫ్లాస్కులే.

బకిళ్ళన్నీ వెర్న్ దగ్గరున్నాయి. వెర్న్ మా కంచెకి అవతలి గొర్రెలాయన, నాతో బళ్ళో చదివాడు. రోజూ నక్క తోక తొక్కి లేస్తాడు. కూర్చుంటే పొట్ట కింద బకిల్ కనపడదని కేఫ్‌లో కూడా నిలబడే కాఫీ తాగుతాడు.

ఈ ఏడు నాకొక ఆశ ఉండేది. మా తూర్పు వాలు మీద, గొర్రెలు ఈనే దొడ్డికి సరిగ్గా పైన, ఒక పెద్ద మగ కొయోటీ మకాం పెట్టింది. పక్కన ఒక ఆడది. మగదాని అడుగులు మంచులో చూస్తే కుక్కవేమో అనుకుంటారు, అంత వెడల్పు. అది దొరికితే బకిల్ నాదే. కానీ కుందేలు ఈల ఊదితే రావడం లేదు. దెబ్బ తగిలిన కుందేలు అరిచినట్టు అరిచే ఈల అది. దానికి రాని కొయోటీ ఉండదు. మా పెద్దది మాత్రం నేనలా ఊదగానే ఇలా గట్టు దాటి మాయమయ్యేది. పైగా నా మంచి ఈల పోయిన శరదృతువులోనే పోయింది. వెర్నే కొట్టేశాడని ఊరంతా చెప్పాను.

నా దగ్గర ఇంకొక పిలుపు ఉంది. ఈల అక్కర్లేదు, నోటితోనే. కొయోటీ కూన కాలు ఇరుక్కుని ఏడ్చినట్టు ఏడవగలను. పిల్ల ఏడిస్తే ఏ తల్లీ తండ్రీ ఆగరు కదా. కేఫ్‌లో పిల్లలు అడిగితే చేసి చూపిస్తుంటాను గానీ, వాలు మీద ఒక్కసారి కూడా వాడలేదు. ఎందుకంటే ఒకసారి పిలుపు విని వచ్చి, మోసమని తెలుసుకుని తప్పించుకుపోయిన కొయోటీ మళ్ళీ ఆ పిలుపుకి చస్తే రాదు. దాన్ని మేము చదువుకున్న కొయోటీ అంటాం. దానికి ఆ చదువు చెప్పిన చేతకాని వేటగాడికి ఊళ్ళో పరువుండదు. అందుకని ఆ ఏడుపుని పందెం రోజుకని దాచుకున్నాను.

పందెం శనివారం. గురువారం మధ్యాహ్నం కేఫ్‌లో అందరూ ఉండగా వెర్న్ మా టేబులు దగ్గరికొచ్చి బకిల్ ముందుకి తోసి నిలబడ్డాడు.

"ప్రెసిడెంటు గారూ, శనివారం పొద్దున మీ తూర్పు వాలు నాకివ్వాలి. ఆ పెద్దదాన్ని పిలవడం మీవాడి వల్ల కావట్లేదట కదా."

"ఒరేయ్ వెర్న్, అది నా కొయోటీరా!" అన్నాను.

"నీదా? మెడలో పట్టీ ఏదిరా? పేరేమిటి?"

అందరూ నవ్వారు. వాడు జేబులోంచి ఫోన్ తీసి నొక్కాడు. కూన ఏడుపు. ఎవరిదో కాదు, నాదే! పోయిన వారం పిల్లల కోసం నేను ఏడిస్తే వాడు ఫోన్‌లో పట్టేశాడు.

"కొత్త స్పీకరు కొన్నాను. కుందేలుకి రాకపోతే ఇది వేస్తా. మామూలుగా ఏడిచావా ఎల్డన్? నాకే కళ్ళ నీళ్ళొచ్చాయి. చెవులు రెండూ ప్రెసిడెంటు గారి ఆఫీసుకే సమర్పించుకుంటాలే," అన్నాడు.

నేను ట్వైలా వంక చూశాను. ఈ మనిషిని ఒక్క కసురు కసిరి పంపేస్తుందనుకున్నాను. కానీ కిందటేడు సంఘంలో ఆవిడే ఒక తీర్మానం చేయించింది. బహుమానానికి ఓటేసిన ఏ రైతూ వేటగాడు అడిగితే గేటు మూయకూడదని. తాను తీసిన గోతిలో తానే పడింది.

"గేటు తీసే ఉంటుంది. పోయేటప్పుడు వేసి పో," అంది వెర్న్‌తో.

తర్వాత ఆవిడ యాపిల్ కేకు సగమే తిని పక్కకి నెట్టింది. మా ఆవిడ తీపి వదిలెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. దాని అర్థం నాకప్పుడు తట్టలేదు, ఎందుకంటే నేను కోపంతో ఉడికిపోతున్నాను. కట్టుకున్న మొగుడి కొయోటీని ఊళ్ళోవాడికి ధారపోసింది కదా!

మర్నాడు శుక్రవారం తెల్లవారుతుండగానే రైఫిల్ తీసుకుని తూర్పు వాలుకి బయల్దేరాను. పందేనికి లెక్కకి రాకపోతే పోనీ. ఆ కొయోటీ వెర్న్‌కి బకిల్ తెచ్చిపెట్టడం కంటే దాని తోలు నా చట్రం మీద ఉండటం మేలనుకున్నాను. ట్వైలా అప్పటికే లేచి ఎక్కడికో వెళ్ళింది. గొర్రెలకి మేత వేస్తోందనుకున్నాను.

సేజ్ పొదల మధ్య ఒదిగి కూర్చున్నానో లేదో, కింది మలుపులోంచి కుందేలు అరుపు వినిపించింది. ఈల! మా భూమిలో, ఇంకా శుక్రవారమే, ఎవడో దొంగతనంగా పిలుస్తున్నాడు. వెర్నే అనుకున్నాను. అయితే ఊదడం మాత్రం అద్భుతంగా ఉంది. మొదట గట్టిగా, ఆపైన నీరసపడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టు. నాకంటే బాగా ఊదుతున్నాడని ఒళ్ళు మండింది. రైఫిల్ అక్కడే పెట్టేసి, వాడి కాలర్ పట్టుకుందామని పాకుతూ వెళ్ళాను.

మలుపు దగ్గర నా పాత కోటు వేసుకుని, మా వంటింటి సత్తు గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది ట్వైలా. నోట్లో నా ఈల. పోయిన శరదృతువులో పోయిందే, అదే.

నేను నోరు తెరిచేలోగా పై గట్టు మీద ఆడది కనిపించింది. వెనకాల మగది. పొద్దు దాని వీపు మీద పడుతోంది. అంత అందమైన తోలు నా జన్మలో చూడలేదు. ఆడది రెండడుగులు దిగింది. మగది మాత్రం దాన్ని భుజంతో అడ్డుకుంటున్నట్టు పక్కకి జరిగింది. అంతే, ట్వైలా లేచి గరిటెతో గిన్నె మీద ధనధనా వాయించడం మొదలుపెట్టింది.

"సిగ్గు లేదటే నీకు! ఎన్నిసార్లు చెప్పాలి! ఎవడు పిలిస్తే వాడి దగ్గరికి పోవడమేనా? మీ ఆయన్ని చూసి నేర్చుకో! పొండి! పొండి!"

రెండూ తోకలు ముడిచి గట్టు దాటేశాయి. ట్వైలా గిన్నె దించి, చెమట తుడుచుకుని, వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఎంతసేపైంది వచ్చి?" అంది.

"ఈల దొంగ దొరికేంతసేపు. వెర్న్‌ని ఊరంతా దొంగని చేశానే తల్లీ!"

"వాడిని అంటే ఏం తప్పులే. నీ ఏడుపు దొంగిలించాడుగా."

మంచులో కూలబడ్డాను. ఆవిడ నా పక్కన కూర్చుంది. శరదృతువు నుంచీ ఇక్కడ బడి నడుపుతోందట. ఈల ఊదడం, అవి వచ్చాక గిన్నె వాయించి బెదరగొట్టడం. నా పిలుపుకి ఆ కొయోటీ ఎందుకు రాలేదో అప్పుడర్థమైంది.

"ఎందుకు చేశావిలా? నువ్వు ప్రెసిడెంటువి! మీటింగులో నువ్వు మాట్లాడేదేమిటి, ఇక్కడ చేసేదేమిటి?"

"మీటింగులో మాట్లాడేది ఊళ్ళోవాళ్ళ కొయోటీల గురించి. ఇవి మనవి."

"మనవా!"

"అరవకు. ఈ జంట వచ్చాక ఈ వాలు కింద ఒక్క పిల్లయినా పోయిందా? చెప్పు. ఎలుకలు తింటాయి, ఉడతలు తింటాయి, చచ్చినవాటిని తింటాయి. గొర్రె జోలికి రావు. వేరే కొయోటీ ఈ గట్టు ఎక్కితే తరిమి తరిమి కొడతాయి. కాపలాకి కుక్కని పెట్టినా ఇంత బాగా చెయ్యదు. వీటిని చంపామనుకో, ఖాళీ ఇంట్లోకి అద్దెకి ఎవరో ఒకరొస్తారు. వాళ్ళు ఏం తింటారో నీకు తెలుసా?"

మా నాన్న కూడా ఇలాంటి మాట అనేవాడు. మంచి కొయోటీని కదపకూడదురా అని. నేనది మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు.

"నాకు చెప్పొచ్చుగా," అన్నాను.

"చెప్తే? కేఫ్‌లో రెండో కప్పు కాఫీ అయ్యేలోపల ఊరంతా తెలిసేది. ఆపైన నన్నెవరు ప్రెసిడెంటంటారు?" అంది. తర్వాత గొంతు మారింది. "కుందేలు పాఠం మగదానికి బాగా వచ్చింది, ఆడదానికి సగం వచ్చింది. కానీ రేపు వాడు కూన ఏడుపు వేస్తాడు. ఆ పాఠం నేను చెప్పలేదు. నాకు రాదు. ఎంత ప్రయత్నించినా గొంతు పట్టుకున్న బాతులా వస్తోంది."

గిన్నె అడుగున పడ్డ సొట్టలు వేలితో తడుముతూ కూర్చుంది. మా ఆవిడ ఎవరినీ ఏదీ అడగదు. పెళ్ళికి కూడా నేనే అడిగాను. ఇప్పుడు కూడా అడగడం లేదు. కానీ ఆ కొయోటీలు పోతే ఈవిడ ఏడుస్తుందని నాకు తెలిసింది. అదీ ఎవరికీ చెప్పుకోలేని ఏడుపు.

నా సంగతీ ఆలోచించుకున్నాను. ఆ ఏడుపు ఇప్పుడు వాడేశానంటే ఆ పెద్దది ఇక జన్మలో నాకు దొరకదు. బకిలూ లేదు, చట్రం మీద ఆ వెండి తోలూ లేదు. మళ్ళీ అంతటిది మా భూమిలోకి వస్తుందన్న నమ్మకమూ లేదు.

"రైఫిల్ ఎక్కడ పెట్టావు?" అంది ట్వైలా నెమ్మదిగా.

"పైన పొదలో. అక్కడే ఉండనీ. గాలి ఎటునుంచి ఉంది?"

"మొహం మీదికే."

"అయితే గిన్నె పట్టుకో. నేను చెప్పేదాకా వాయించకు. బాగా దగ్గరికి రానివ్వాలి. దూరంనుంచి బెదిరితే సగం చదువే వస్తుంది."

కొండ సద్దుమణిగేదాకా ఆగాం. ఆపైన అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. కాలు ఇరుక్కున్న కూన ఏడుపు. నన్ను వదిలేసి పోయారా అన్నట్టు ఏడ్చాను. బకిల్ కోసం కూడా కొంత కలిసిందేమో, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అవి నడిచి రాలేదు, పరుగెత్తుకొచ్చాయి. మగది ముందు. అన్నాళ్ళు నాకు మొహం చూపించని ఆ పెద్దమనిషి, విసిరితే టోపీ తగిలేంత దూరానికి వచ్చి ఆగి, తల వంచి నన్నే చూసింది. పసుపు కళ్ళు. మూతి మీద పాత గాటు. ట్రిగ్గరుకి అలవాటుపడ్డ నా చూపుడు వేలు ఊరికే ఒకసారి వంగింది, అందులో నా తప్పేమీ లేదు.

"ఊఁ," అన్నాను.

ట్వైలా వాయించింది. నేను కూడా లేచి టోపీ ఊపాను. మా ఇద్దరి గొంతులూ బొంగురుపోయేదాకా తిట్టాం. అవి గాల్లో తేలుతున్నట్టు పోయాయి. మధ్యాహ్నం ఇంకోసారి పిలిచాను. ఈసారి గట్టు మీదే ఆగి, మమ్మల్ని చూసి, వెనక్కి తిరిగాయి.

శనివారం పొద్దున మేమిద్దరం వంటింటి కిటికీ దగ్గర బైనాక్యులర్ కోసం పోట్లాడుకుంటూ నిలబడ్డాం. వెర్న్ స్పీకరు పెట్టాడు. కుందేలు అరిచింది. ఎవరూ రాలేదు. ఆపైన నా ఏడుపు మొదలైంది, మా కొండంతా నేనే ఏడుస్తున్నట్టు. ట్వైలా నా ముంజేయి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

గట్టు మీద మగది కనిపించింది. వెర్న్ గుండు అందని ఎత్తులో కూర్చుంది. కాసేపు విన్నది. లేచి, ఒక పొద దగ్గర తీరిగ్గా కాలెత్తి, అవతలికి దిగిపోయింది.

"పాసయ్యాడు!" అంది ట్వైలా, కిటికీ అద్దం మీద ఆవిరి పట్టేంత గట్టిగా.

సాయంత్రం ఫైర్ స్టేషన్ షెడ్డులో తూకాలు. ఆ రోజు గాలి ఎక్కువై ఎవరికీ సరైనవి దొరకలేదు. వెర్న్ తన సొంత కంచె దగ్గర కొట్టిన ఒక మోస్తరుదానితోనే గెలిచాడు. నక్క తోక అన్నాను కదా. బహుమతులు ఇచ్చేది ప్రెసిడెంటే, కాబట్టి బకిల్ ట్వైలా చేతిలో ఉంది. వెర్న్ దాన్ని తీసుకోకుండా మైకు లాక్కున్నాడు.

"ఒక్క మాట! ప్రెసిడెంటు గారి తూర్పు వాలు మీద కాలేజీ చదివిన కొయోటీ ఉంది. నా స్పీకరు విని మొహం మీదే కాలెత్తి పోయింది. ఎవరు చెప్పారు దానికంత చదువు? ఇంకెవరు, మన ఎల్డనే! ఏడాదంతా వంకరగా ఊది ఊది, బంగారంలాంటి కొయోటీని పాడు చేశాడు. నా మీద ఈల దొంగతనం అంటగట్టాడుగా! ఒరేయ్, నీ ఈల దొంగిలించే కర్మ ఎవరికిరా?"

షెడ్డు రేకులెగిరేలా నవ్వారు. తోళ్ళ గస్ కూడా నవ్వాడు. నన్నెప్పుడూ పొగిడే మనిషి. నా చెవులు కాలిపోయాయి. ఈ ఊళ్ళో నాకున్నది ఆ ఒక్క పేరే, ఎల్డన్ పిలిస్తే వస్తాయని. అది కాస్తా పోయింది.

అప్పుడు ట్వైలా మైకు వెనక్కి తీసుకుంది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"ఆగు వెర్న్. నవ్వడం ఆపండి. మా ఆయన ఊదడంలో ఏ వంకరా లేదు. ఆ కొయోటీకి చదువు చెప్పింది..."

చెప్పేస్తోందని అర్థమైంది. ప్రెసిడెంటు కుర్చీ, మీటింగులో టోపీలు తీసి కూర్చునే మగాళ్ళు, ఇన్నేళ్ళ పరువు, అన్నీ నా ఈల కోసం వదిలేసుకోబోతోంది.

"నేనే!" అని అరిచాను వెనక నుంచి. "నేనే చెప్పాను! ఈ మధ్య నా ఊదుడు గొంతు పట్టుకున్న బాతులా ఉంటోంది. వెర్న్, ఈల సంగతిలో నిన్ను అన్నది తప్పురా. అది నా ఇంట్లోనే దొరికింది."

ఇంకా నవ్వారు. వెర్న్ వచ్చి వీపు మీద చరిచాడు. పాపం వాడి మనసు మంచిదే, ఒక కాఫీ కూడా ఇప్పించాడు. నిలబడే.

ఇంటికి వస్తుంటే పికప్ ట్రక్కు ట్వైలాయే నడిపింది. గేటు తియ్యడానికి నేను దిగబోతే చొక్కా పట్టుకుని ఆపింది.

"ఎల్డన్."

"ఊఁ."

"నిన్న నువ్వు కూనలా ఏడిస్తే... నాకు అంతా తెలుసు కదా, గిన్నె నా చేతిలోనే ఉంది కదా. అయినా లేచి పరుగెత్తుకెళ్ళి ఎత్తుకోవాలనిపించింది. అంత బాగా పిలిచేవాడు ఈ కౌంటీలో లేడు."

దిగి గేటు తీశాను. ఆవిడ ట్రక్కు లోపలికి పోనిచ్చి, అద్దం దించి, తల బయటికి పెట్టింది.

"వేసవిలో వాటికి పిల్లలు పుడతాయి. గిన్నె ఒకటి చాలదు, నువ్వూ ఒకటి కొనుక్కో," అంది.